వానకంటే ముందు రావాల్సిన లెక్క

మొన్న ఎండల్లో గుమ్మడి వడియాలు పెట్టాను. మేడమీద పాత పంచె పరిచి, నడుం పట్టేసేలా వంగి, వరసలు వరసలుగా పెట్టి కిందికి దిగేసరికి మా మనవడు ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు.

"అమ్మమ్మా, మూడు గంటలకి వానట. వడియాలు తీసెయ్."

ఆకాశంకేసి చూశాను. మచ్చుకైనా మబ్బు లేదు. కాకులు కూడా ఎండకి నోళ్ళు తెరుచుకుని కూచున్నాయి. "అరవై ఏళ్ళుగా ఈ ఆకాశాన్ని చూస్తున్నాను. నాకు తెలియంది నీ ఫోనుకి తెలుసుట్రా?" అని వాణ్ణి కసిరి, భోంచేసి పడుకున్నాను.

రెండున్నరకి పడమట నల్లబడింది. మూడుకి పది నిమిషాలుందనగా పెళపెళమంటూ వచ్చిపడింది. నేనూ మావారూ ఆయాసపడుతూ మేడెక్కేసరికి నా వడియాలు గుమ్మడికాయ పులుసుగా మారిపోతున్నాయి.

వాడు నవ్వలేదు, మంచి పిల్లాడు. "ఫోనుకెలా తెలుస్తుంది అమ్మమ్మా?" అని మాత్రం అడిగాడు. ముప్ఫయ్యేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. "ఉపగ్రహాలు చెప్తాయిరా" అనేసి తప్పించుకోవచ్చు. కానీ ఉపగ్రహం ఇప్పుడున్న మబ్బుని చూపిస్తుంది గాని, ఇంకా పుట్టని మబ్బుని చూపించదు కదా! పుట్టని మబ్బు సంగతి చెప్పేది లెక్క. ఆ లెక్క ఎవరు మొదలుపెట్టారు, ఎవరు పూర్తి చేశారు అని లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని నెల్లాళ్ళు కూచున్నాను. నా పట్టుదలకి వడియాలకంటే పాత కారణం ఒకటుంది. దాని వేళ వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. మనముండే అపార్టుమెంటుని తలుచుకోండి. పక్కింట్లో ఇంగువ పోపు పెడితే మనింట్లోకి ఘాటు వస్తుంది. పైవాళ్ళు నీళ్ళు ఒలకబోస్తే మన గోడ చెమ్మగిల్లుతుంది. గాలి కూడా అంతే. భూమిమీది గాలినంతా గదులు గదులుగా కోశామనుకోండి. ప్రతి గదిలోనూ వేడెంత, ఒత్తిడెంత, తేమెంత, గాలి ఎటు వీస్తోంది అన్నవి నాలుగైదు అంకెలు. ఈ క్షణాన ఒక గదిలోనూ, దాని చుట్టుపక్కల గదుల్లోనూ ఉన్న అంకెలు తెలిస్తే, కాసేపయ్యాక ఆ గదిలో ఏముంటుందో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కకట్టవచ్చు. అన్ని గదులకీ కట్టి, వచ్చిన జవాబుల్ని పట్టుకుని మళ్ళీ మొదటినుంచి కట్టాలి. అలా అడుగు తరవాత అడుగు వేసుకుంటూ పోతే రేపటి వాన దొరుకుతుంది.

ఈ లెక్కని మొట్టమొదట చేతితో చేసిన మహానుభావుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. యుద్ధం పాపమని నమ్మే క్వేకర్ల కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పి, ఫ్రాన్సులో గాయపడ్డవాళ్ళని మోసే అంబులెన్సు దళంలో చేరాడు. అక్కడ చలిలో, గడ్డిమోపే బల్లగా, ఖాళీ దొరికినప్పుడల్లా లెక్క చేశాడు. 1910 మే 20న యూరపులో ఒక చోట ఆరు గంటల్లో గాలి ఒత్తిడి ఎంత మారి ఉండాలి? ఇదీ ప్రశ్న. ఆరు గంటల వాతావరణానికి ఆరు వారాల లెక్క పట్టింది!

పైగా జవాబు తప్పు. ఒత్తిడి 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. నిజానికి ఆ రోజు అది కదిలిందే లేదు. మధ్యలో 1917లో, యుద్ధం గందరగోళంలో ఆ కాగితాల కట్ట పోయింది కూడా. కొన్ని నెలలకి బెల్జియంలో బొగ్గుల కుప్ప కింద దొరికింది. ఇంకొకరైతే పొయ్యిలో వేసి దండం పెట్టేవారు. ఆయన మాత్రం తన తప్పుని తప్పుగానే చూపిస్తూ 1922లో పుస్తకం అచ్చువేశాడు. విధానం తప్పు కాదని, మొదట వేసుకున్న అంకెల్లోని ఒడుదుడుకులే కొంప ముంచాయని తరవాతివాళ్ళు అదే లెక్కని సరిచేసి చూపించారు. బడిలో జవాబు తప్పని పిల్లల కాపీల మీద ఎర్రసిరాతో కొట్టేసినప్పుడు నేను ఇంకాస్త ఓపిగ్గా చూసి ఉండాల్సింది అనిపించింది.

ఆ పుస్తకంలో ఆయన ఒక కల కూడా రాశాడు. నాటకశాల లాంటి పెద్ద గుండ్రటి హాలు. గోడలమీద ప్రపంచపటం. అంతస్తులు అంతస్తులుగా 64,000 మంది కంప్యూటర్లు కూచుని లెక్కలు చేస్తుంటారు. ఆశ్చర్యపోకండి, ఆ రోజుల్లో కంప్యూటరంటే మనిషే. లెక్కలు కట్టే ఉద్యోగం పేరది. మధ్యలో ఎత్తైన స్తంభం మీద ఒక పెద్దమనిషి నిలబడి, ముందుకు పరిగెత్తేవాళ్ళ మీద గులాబీరంగు దీపం, వెనకబడ్డవాళ్ళ మీద నీలిరంగు దీపం వేస్తూ అందర్నీ ఒకే తాళంలో నడిపిస్తుంటాడు. ఏనాటికైనా లెక్క వాతావరణం కంటే వేగంగా నడవాలని ఆయన ఆశ. నాకు మొత్తం కథంతా ఈ ఒక్క ఆశలోనే ఉందనిపించింది. లెక్క సరైనదైతే చాలదు, వేళకి అందాలి. పెళ్ళయ్యాక వచ్చిన పూలబుట్ట ఎందుకు, చెప్పండి?

మనిషి కంప్యూటరు యంత్రం కంప్యూటరుగా మారింది అమెరికాలో. ఎనియాక్ అనే యంత్రాన్ని 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దాదాపు 18,000 వాల్వులు, ముప్ఫై టన్నుల బరువు. దానికి పని నేర్పినవాళ్ళు ఆరుగురు ఆడపిల్లలు. అంతకుముందు ఫిరంగిగుళ్ళ లెక్కలు చేతితో కట్టినవాళ్ళే. తీగలు ఎక్కడ తగిలించాలో, మీటలు ఎలా తిప్పాలో పుస్తకమంటూ లేకుండా బొమ్మలు చూసి తెలుసుకున్నారు. ప్రదర్శన దివ్యంగా జరిగింది. రాత్రి పెద్దలకి విందు జరిగింది. ఆ విందుకి ఈ ఆరుగురికీ పిలుపు లేదు. పెళ్ళి వంటంతా చేసిన మనిషికి విస్తరి వెయ్యడం మరిచిపోయినట్టు! కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్ళ పేర్లు ప్రపంచానికి తెలియడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

1950 మార్చిలో ఇదే యంత్రం మీద జూల్ చార్నీ, జాన్ వాన్ నాయ్‌మన్ మొదలైనవాళ్ళు వాతావరణం లెక్క పెట్టారు. ఆ శాస్త్రవేత్తలకి యంత్రం భాష నేర్పి, వాళ్ళు రాసిన ఆదేశాలు చివరిగా సరిచూసింది వాన్ నాయ్‌మన్‌గారి భార్య క్లారా. ముప్ఫైమూడు రోజులు రాత్రింబవళ్ళు పనిచేశారు. ఇరవైనాలుగు గంటల వాతావరణానికి సుమారు ఇరవైనాలుగు గంటల లెక్క పట్టింది. అంటే రేపటి సంగతి రేపటికే తెలుస్తుంది. ఐనా ఆరు వారాల నుంచి అక్కడికి రావడం సామాన్యమా!

ఆ ఫలితాలని రిచర్డ్‌సన్‌కి పంపించారు. అప్పటికి ముసలాయన. చార్టులు ముందేసుకుని ఆయన ఏం చేశాడో తెలుసా? ఆవిడ ముందు నుంచీ తన పనిలో చెయ్యందుకున్నదే కాబట్టి, భార్య డొరతీని పిలిచాడు. ఒక పటాన్ని అట్టముక్కతో మూసేసి, నిజంగా మర్నాడు కనిపించిన వాతావరణానికి ఏ పటం దగ్గరగా ఉందో నువ్వు చెప్పు, అని అడిగాడు. ఆవిడ తీర్పు స్వల్ప తేడాతో యంత్రం పక్షానే వచ్చింది. మహా గణితం పరీక్ష పాసైందో లేదో ఇంటి ఇల్లాలు చెప్పిందన్నమాట. మూడేళ్ళకి, 1953లో, ఆయన కన్నుమూశాడు. తన కల మొలకెత్తడం చూసి మరీ వెళ్ళాడు.

ఇక యంత్రాలు పెరుగుతూ పోతే సరిపోతుంది అనుకున్నారు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడికి చిత్రమైన అనుభవం ఎదురైంది. తన బొమ్మ వాతావరణం లెక్కని మధ్యలోంచి మళ్ళీ నడిపించాలని 0.506127 బదులు 0.506 అని కొట్టి, కాఫీకి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చేసరికి రెండో వాతావరణం మొదటిదానితో పొత్తే లేకుండా పోయింది. కూరలో చిటికెడు ఉప్పు తేడా వస్తే కూరంతా వేరే కూరైపోవడం మనకి తెలిసిందే. ఆకాశమూ అంతేనట! ఆ లెక్కలకి యంత్రం మీద ప్రోగ్రాములు రాసింది మార్గరెట్ హామిల్టన్, ఎలెన్ ఫెటర్ అనే ఇద్దరు యువతులు. ఆ హామిల్టనే తరవాత చంద్రుడిమీదికి వెళ్ళిన అపోలో నౌకకి ప్రోగ్రాములు రాసిన బృందానికి పెద్ద అయింది.

అంటే ఒక్క లెక్క చాలదు. మొదటి అంకెల్ని కొద్ది కొద్దిగా మార్చి, అదే లెక్కని యాభైసార్లు కట్టాలి. ఎక్కువసార్లు ఏం వస్తే అది జరగొచ్చు. 1992 నుంచి పెద్ద కేంద్రాలు ఇలాగే చేస్తున్నాయి. టీవీలో తుఫాను దారిని ఒక్క గీతలా కాక గరాటులా చూపించడం వెనక ఉన్నది ఇదే: రాబోయేదాని గురించి మనకి ఉండే సందేహం. గదులు చిన్నవి చేసినా పని పెరుగుతుంది. గది నిడివి సగం చేస్తే పొడవునా వెడల్పునా కలిపి నాలుగింతల గదులు. అడుగులు కూడా సగానికి తగ్గించాలి కాబట్టి ఎనిమిదింతల పని. అందుకే సూపర్ కంప్యూటర్లు కావలసి వచ్చాయి.

1976లో సేమూర్ క్రే తయారుచేసిన క్రే-1 వచ్చింది. సెకనుకి పదహారు కోట్ల లెక్కలు. గుండ్రంగా నిలబెట్టిన బీరువాల చుట్టూ మెత్తటి సీట్లు ఉండేవి. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సోఫా అని హాస్యమాడేవారు.

నేను చెబుతానన్న సంగతికి వేళ వచ్చింది. ఆ మరుసటేడు, 1977 నవంబరు. మేం అప్పుడు బందరులో ఉండేవాళ్ళం. నేను కాలేజీలో చదువుతున్నాను. కార్తీకమాసమని మా మేనత్త దివిసీమ నుంచి వచ్చింది. తుఫాను పట్టిందని రేడియోలో విన్నాం. ఎక్కడికొస్తుందో, ఏ వేళకో, సముద్రం ఎంత లేస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గురువారం పొద్దున్నే అత్తయ్య సంచీ సర్దుకుంది.

"రెండ్రోజులుండి వెళ్ళకూడదా వదినా, మబ్బులు పట్టాయి" అంది మా అమ్మ.

"చేను కోతకొచ్చింది. నేను లేకపోతే మీ అన్నయ్యకి కాళ్ళూ చేతులూ ఆడవు. నవంబరులో మబ్బు పట్టకపోతే ఎప్పుడు పడుతుందీ?" అంది అత్తయ్య నవ్వుతూ. నేనే సంచీ మోసుకెళ్ళి బస్సెక్కించాను.

శనివారం, నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఐదు మీటర్లకి పైగా లేచిన నీళ్ళు దివిసీమ ఊళ్ళని ఊడ్చుకుపోయాయి. ప్రభుత్వం లెక్కలోనే దాదాపు పదివేలమంది. ఆ పదివేలలో మా అత్తయ్య, మావయ్య ఇద్దరూ ఉన్నారు. చాన్నాళ్ళు నేను ఆ బస్సునే తలుచుకునేదాన్ని. ఒక్కరు, ఒక్కమాట, "శనివారం నీళ్ళొస్తాయి, వెళ్ళొద్దు" అని చెప్పి ఉంటే!

చెప్పాలంటే లెక్క కావాలి. లెక్కకి యంత్రం కావాలి. 1987లో దేశాన్ని పెద్ద కరువు పట్టి పీడించింది. 1988లో వాతావరణ సూచనల కోసం ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం పెట్టారు. 1989లో దానికి అమెరికా నుంచి క్రే యంత్రం వచ్చింది. అంతకంటే శక్తిగలది ఇవ్వడానికి అమెరికా వెనకాడింది. మనవాళ్ళకి రోషం వచ్చింది. పుణెలో సీ-డాక్ సంస్థ పెట్టి, విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో పరమ్ 8000 తయారుచేశారు. ఒక్క మహా యంత్రానికి బదులు ఎన్నో చిన్న యంత్రాలు కలిసి ఒకే లెక్కని పంచుకుంటాయి. అదే రిచర్డ్‌సన్ హాలు, మనుషుల బదులు చిప్పులు!

అక్కణ్ణించి చకచకా నడిచింది. 2018లో ప్రత్యూష్, మిహిర్. 2024 సెప్టెంబరులో అర్క, అరుణిక. అన్నీ సూర్యుడి పేర్లే. పుణెలోని అర్క సెకనుకి దాదాపు 118 కోట్ల కోట్ల లెక్కలు చేయగలదు. క్రే-1కి ఏడుకోట్ల రెట్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అంతకుముందు పన్నెండు కిలోమీటర్లున్న గది ఆరు కిలోమీటర్లకి తగ్గింది.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల ముందు నుంచే ఉత్తరాంధ్రకి హెచ్చరికలు వచ్చాయి. లక్షలమందిని ఖాళీ చేయించారు. అక్టోబరు 12న అది విశాఖ మీదుగా వచ్చి ఊరిని చీల్చి చెండాడింది. మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు మాత్రం వందలోపే. అది ఒక్క కంప్యూటరు గొప్పతనం కాదు. రాడార్లు, ఉపగ్రహాలు, తుఫాను షెల్టర్లు, ఇంటింటికీ తిరిగి బతిమాలిన ఉద్యోగులు, అందరి చేతులూ పడ్డాయి. కానీ వాళ్ళు బతిమాలడానికి కావలసిన రెండు మూడు రోజుల్ని సంపాదించి పెట్టినవాటిలో లెక్క కూడా ఉంది.

ఐతే ఇంకా పెద్ద యంత్రాలు కట్టుకుంటూ పోతే చాలదా? అక్కడే కరెంటు బిల్లు అడ్డం వచ్చింది. 2022లో అమెరికాలో ఫ్రాంటియర్ అనే యంత్రం సెకనుకి పదివేల కోట్ల కోట్ల లెక్కలు దాటింది. దానికి ఇరవైఒక్క మెగావాట్లు కావాలి. మన తలకాయ ఇరవై వాట్లతో, చిన్న బల్బంత కరెంటుతో, పిల్లల్ని పెంచుతూ పద్దులు చూస్తోంది. ఇక దారి మార్చాలని శాస్త్రజ్ఞులకి తోచింది.

ఒక దారి ప్రాణిపదార్థం. 1994లో లెనార్డ్ ఆడిల్‌మన్ అనే ఆయన పరీక్షనాళికలో డీఎన్ఏ ముక్కలతో లెక్క చేశాడు. ఏడు ఊళ్ళు, మధ్యలో పద్నాలుగు దార్లు. ప్రతి ఊరూ ఒక్కసారే తగిలేలా ప్రయాణం ఎలా? ఊళ్ళకీ దార్లకీ గుర్తుగా డీఎన్ఏ పోగులు చేసి కలిపేశాడు. అవి వాటంతటవే అతుక్కుని, సాధ్యమైన దార్లన్నీ ఒకేసారి తయారైపోయాయి. జవాబు కూడా అందులోనే ఉంది. కానీ మిగతా కోటానుకోట్ల పోగుల్లోంచి దాన్ని ఏరి తియ్యడానికి ఏడు రోజులు పట్టింది. బస్తాడు బియ్యంలో ఒక్క గింజని వెతకడమే! జవాబుంటే చాలదు, అందాలి.

రెండో దారి క్వాంటమ్. అణువుల లోకానికి వేరే ధర్మాలున్నాయి, ఆ ధర్మాలతోనే నడిచే యంత్రం కావాలని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ అన్నాడు. మామూలు కంప్యూటరులో ప్రతి మీటా సున్నానో ఒకటో. క్వాంటమ్ మీట, క్యూబిట్, రెండూ కలిసిన స్థితిలో ఉండగలదు. గిరగిరా తిరిగే రూపాయి బొమ్మా కాదు, బొరుసూ కాదు కదా, అలాగన్నమాట. చూడబోయిన క్షణంలో ఏదో ఒకటిగా పడిపోతుంది. చాలా రకాల యంత్రాల్లో దాన్ని గడ్డకట్టే చలికన్నా చలిలో, మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంచాలి. కాస్త కదిలినా లెక్క చెడుతుంది. తోడుపెట్టిన గిన్నె కదిపితే పెరుగు తోడుకోనట్టే. 2019లో గూగుల్ వాళ్ళు యాభైమూడు క్యూబిట్లతో ఒక లెక్కని రెండొందల సెకన్లలో చేశామని, సూపర్ కంప్యూటరుకైతే పదివేలేళ్ళు పడుతుందని ప్రకటించారు. కాదు, రెండున్నర రోజులు చాలని ఐబీఎం వాళ్ళు అన్నారు. తోడికోడళ్ళ వాదన! ఆ లెక్కవల్ల ఇంటికీ వంటికీ ఉపయోగం లేదన్నది వేరే మాట. 2024 డిసెంబరులో నూటఐదు క్యూబిట్ల విల్లోతో, క్యూబిట్లు పెంచుతూ తప్పులు తగ్గించవచ్చని చూపించారు. అసలు ముందడుగు అదీ. రోజువారీ వాన సంగతి చెప్పే పని మాత్రం ఇంకా సూపర్ కంప్యూటర్లదే.

ఈలోగా మరొకరు పక్కదారిన వచ్చారు. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళ గ్రాఫ్‌కాస్ట్, గదుల లెక్క జోలికి పోకుండా దాదాపు నలభయ్యేళ్ళ వాతావరణం రికార్డులు బట్టీపట్టి, పది రోజుల వాతావరణాన్ని నిమిషంలోపు చెప్పేసింది. ఇది చదివి నాకు ఒకటే నవ్వు. ఆకాశాన్ని చూసీ చూసీ తెలుసుకోవడమంటే మా నాయనమ్మ పద్ధతే కదా! ఐతే ఆ రికార్డుల్ని కుదురుగా అమర్చిపెట్టింది కూడా పాత లెక్కలే.

2025లో అమరావతికి నూటయాభైఆరు క్యూబిట్ల ఐబీఎం యంత్రం తెస్తామని ప్రకటించారు. ఆ వార్త మా మనవడే చదివి వినిపించాడు. అమరావతి పక్కన పారే కృష్ణే కిందికి వెళ్ళి, దివిసీమని రెండు పాయల మధ్య పెట్టుకుని, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వాడికి ఆ సంగతి చెప్పాను. అత్తయ్య సంగతి కూడా మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అది సెకనుకి ఎన్ని లెక్కలు చేస్తుందో తెలుసా అమ్మమ్మా" అంటూ మొదలుపెట్టాడు.

"ఎన్ని చేస్తే నాకేంరా," అన్నాను. "గురువారం పొద్దున్న, బస్సు కదలకముందు చెప్తుందా అది కనుక్కో."